సల్ల తాగిన బస్సు

మొన్న గద్వాలలో మా అవ్వ పుట్టింటివాళ్ళ పెళ్ళికి పోయి, తిరుగు ప్రయాణంలో వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. ఈ వయసులో బస్సెందుకు, కారు పంపిస్తామని పిల్లలు అన్నారు కానీ, బస్సులో కిటికీ పక్కన కూర్చోవడమంటే నాకు ఇప్పటికీ పండగే. బిజినేపల్లి దాటాక కండక్టర్ మా ఊరి పేరు పెట్టి కేకేశాడు. దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళూ లేరు. అయినా డ్రైవర్ అలవాటు కొద్దీ బస్సు ఆపి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ పోనిచ్చాడు. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఎందుకెత్తాలి? బస్సులు స్టేజిలో ఆగుతాయి, అందులో చూడ్డానికేముంది? నాకు మాత్రం ఛాతీ పొంగిపోయింది. ఆ ఒక్క క్షణం ఆగడం కోసం ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో జరిగిన గొడవ ఆ పిల్లకు చెబితే నమ్మేదో లేదో గానీ, చెప్పాలని నోరు మాత్రం దురద పెట్టింది. అక్కడ మింగిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. గద్వాల పిల్ల. పెళ్ళయి అత్తారింటికి వస్తూ కృష్ణను పుట్టిలో, అదే గుండ్రటి తెప్పలో, దాటిందట. పుట్టి గిరగిరా తిరుగుతుంటే పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడనీ, తాను మాత్రం నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకుందనీ తాత బతికున్నన్నాళ్ళూ ఆయన ముందే చెప్పేది. ఆయన మీసం సర్దుకుని ఊరుకునేవాడు. కోపమొస్తే ఆమె మాటల్లో పుట్టింటి వైపు కన్నడం కలిసేది. “సుమ్నె కూసో” అందంటే ఇంట్లో పెద్దా చిన్నా అందరూ నోరు మూసుకునేవాళ్ళం. ఆ మాట ఎక్కువగా పడింది మా నాయినకే.

పొద్దున్నే మాకు మెలకువ తెప్పించేది కోడి కాదు, అవ్వ కవ్వం. దాలిలో రాత్రంతా కాగిన పాల వాసన, పిడకల పొగ, పెనం మీద జొన్నరొట్టె మాడే వాసన అన్నీ కలిసి దుప్పట్లోకి వచ్చేవి. వెన్న తీశాక సల్లను, అదే మజ్జిగను, పెద్ద కుండలోకి వంచి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి వేసి, వాకిట్లో పందిరి కింద పెట్టేది. ఆ సల్లకు అవ్వ పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. మా వాకిట్లోకి మొదటిసారి వచ్చినవాళ్ళకు ఉత్త నీళ్ళు ఇయ్యకూడదు. గాజులవాడైనా, ఎద్దుల బేరానికి వచ్చినవాడైనా, వసూలుకు వచ్చిన సర్కారు మనిషైనా ముందు సల్ల తాగాలి, తర్వాతే మాట. అందరికీ ఒకే చెంబు మాత్రం కాదు. కొందరికి వాకిలి బయట దోసిట్లో పోసేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. కానీ సల్ల పడకుండా మా ఇంటి ముందు నుంచి ఎవ్వరూ పోలేదు. వద్దన్నవాళ్ళకు మళ్ళీ మా ఇంట్లో మర్యాద దొరికేది కాదు.

నాకు చదువంటే పిచ్చి. మా ఊరి బడిలో నాలుగో తరగతితో సరి. పంతులు తెలుగు ఎంత చెప్పేవారో ఉర్దూ అంతకంటే ఎక్కువ చెప్పేవారు, అప్పటి పైచదువంతా ఉర్దూలోనే కదా. అది నాకు ఇట్టే పట్టుబడింది. ఆ నాలుగూ అయ్యాక నాగర్‌కర్నూల్ బడికి పోతానని మొండికేశాను. మా నాయిన చెడ్డవాడు కాదు. నన్ను ముద్దు చేసేవాడు. సంతకు పోతే నా కోసం ఏదో ఒకటి తేకుండా వచ్చేవాడు కాదు. కానీ ఆడపిల్ల అంత దూరం నడిచిపోవడం, ముసురుపట్టిన రోజున వాగు దాటడం, పొద్దుగూకి ఒంటరిగా రావడం ఆయనకు మింగుడు పడలేదు. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే ఒకరోజు విసుగ్గా అనేశాడు.

“ఆ బస్సు మన ఊర్ల నిలవడితే పంపుత. నిలవడకపోతే పంప. ఇగ ఏడ్వకు.”

బస్సు నిలబడదని తెలిసే ఆ మాట అన్నాడు. అప్పట్లో రైళ్ళు నడిపేవాళ్ళే మా వైపు సర్కారు బస్సులూ నడిపేవాళ్ళు. వనపర్తి రోడ్ అని పేరేగాని ఆ స్టేషన్ వనపర్తికి దూరం. రైలు దిగినవాళ్ళను పొద్దున వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ చేర్చడం, సాయంత్రం మళ్ళీ వాళ్ళను రైలుకు అందించడం ఆ బస్సు పని. రైలువాళ్ళ బస్సు కాబట్టి దానికి రైలు బుద్ధులే ఉండేవి. స్టేజి ఉన్న ఊళ్ళోనే ఆగేది. బిజినేపల్లిలో ఆగేది, మా ఊరు రాగానే దుమ్ము లేపుకుంటూ పోయేది. అది మాకు గౌరవంగా కూడా ఉండేదంటే నమ్మండి. బస్సెక్కేటప్పుడు ఇంట్లోకి పోయినట్టు చెప్పులు రోడ్డు మీదే విడిచి ఎక్కినవాళ్ళు, దిగాక ఉత్తకాళ్ళతో తిరిగినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అలాంటి బస్సును నిలబెట్టడమంటే మాటలా?

నాయిన మాటను అవ్వ పట్టుకుంది. నేను ఏడ్చినందుకు కాదు. ఇంటి ముందు నుంచి రోజూ పోతూ ఒక్కసారన్నా ఆగని ఆ బస్సు మీద ఆమెకు అప్పటికే మంట. “మన వాకిలి ముందరికెల్లి పోతది, పలకరియ్యదు. గదేం పద్ధతి?” అనేది. ఒకరోజు పసుపు కుంకుమ, టెంకాయ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. డ్రైవర్ ఖాసిం హారన్ కొట్టి, నవ్వి, పోనిచ్చాడు. ఆ దుమ్ములో అవ్వ పచ్చచీర ఎర్రచీర అయింది. ఇంటికి వచ్చి టెంకాయ మా నాయిన చేతిలో పెట్టి, పచ్చడి చేయించుకోమంది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు వెనక ఒక ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో బండి నడిపేవాళ్ళు. చదునులో బాగానే పోయేది. మా ఊరి గడ్డ ఎక్కేటప్పుడు మాత్రం దాని అవస్థ చూడాలి. మూలిగేది, దగ్గేది, ముక్కులోంచి ఆవిర్లు కక్కేది. అవ్వ కొన్నాళ్ళు ఆ అవస్థను చూసి, ఒక పొద్దున కవ్వం ఆపి తేల్చేసింది.

“దానికి దూపైతుంది. దూపైనోళ్ళు నీళ్ళు కనవడితె నిలవడకుంట యాడికి పోతరు?”

మర్నాటి నుంచి గడ్డ మీద, రోడ్డు పక్కనే తుమ్మచెట్టు నీడలో కడవలు పెట్టుకుని కూర్చుంది. పక్కన నేను. పొద్దున బస్సు వచ్చేది, ఆవిర్లు కక్కుతూ మమ్మల్ని దాటిపోయేది. ఊళ్ళో నవ్వులాట అయిపోయాం. మా నాయిన పొలం నుంచి వస్తూ, “అమ్మా, బస్సు నీళ్ళు తాగిందా?” అని అడిగేవాడు. “సుమ్నె పోర” అనేది అవ్వ.

ఎండలు ముదిరి, బిజినేపల్లిలో బస్సుకు నీళ్ళు చేదే బావి అడుగంటింది. ఆ పొద్దున బస్సు సగం గడ్డ ఎక్కేసరికే తెల్లగా పొగలు చిమ్ముతోంది. మా ముందుకు వచ్చి పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. ఖాసిం దూకి, గుడ్డ చుట్టిన చేత్తో మూత తిప్పి, ఆవిరికి మొహం పక్కకు తిప్పుకుని, “నీళ్ళు, అమ్మా, జల్ది” అని అరిచాడు. అవ్వ లేచి, కొంగు నడుముకు దోపి, కడవ ఎత్తి కొంచెం కొంచెంగా, ఆదరంగా పోసింది. ఖాసిం మూత బిగించాడు. ఎక్కేముందు ఎందుకో తన వేళ్ళు వాసన చూసుకున్నాడు. తర్వాత బండి ముక్కు వాసన చూశాడు.

“అమ్మా, ఏం పోశినవ్?”

“సల్ల. ఉప్పు గూడ ఏశిన. మా ఊర్ల మొదటిసారి నిలవడ్డది, ఉత్త నీళ్ళెట్ల పోస్త?”

ఖాసిం నెత్తి పట్టుకున్నాడు. ఎలాగైనా దాటించాలని ఎక్కి నడిపాడు గానీ, ఊరు మొదట్లోకి రాగానే లోపల సల్ల విరిగి, మాడి, ఆ కంపుకు బస్సులో జనమే దూకేశారు. కరివేపాకు ఎక్కడో గొట్టానికి అడ్డం పడింది. నాగర్‌కర్నూల్ సర్కారు కచేరీకి పోయేవాళ్ళు, తెలకపల్లి వైపు పోయేవాళ్ళు అందరూ రోడ్డు మీద పడ్డారు. ఖాసిం ఇంజను కింద దూరి, “నా నౌకరి ఖతం” అంటున్నాడు. మా నాయిన పొలం నుంచి పరుగెత్తుకొచ్చి బస్సునూ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక ఈ బస్సు జన్మలో మా ఊరి గాలి పీల్చదనుకున్నాను.

అవ్వ ఏడవలేదు, చేతులు పిసుక్కోలేదు. ఊరి ఆడవాళ్ళను కేకేసింది. సగంమంది పొయ్యిల మీదికి, సగంమంది బావి మీదికి. బండి కడుపు కడగాలంటే నీళ్ళు పోస్తూనే ఉండాలని ఖాసిం అన్నాడు. బావి నుంచి రోడ్డు దాకా ఆడవాళ్ళు బారు తీరి కడవలు చేతులు మార్చుకుంటూ అందించారు. అటు పోస్తుంటే ఇటు తెల్లటి కుడితి కారింది, తర్వాత పలచబడింది, పొద్దు వాలేసరికి తేట నీళ్ళు వచ్చాయి. ఈలోగా ప్రయాణికులందరికీ ఇళ్ళ అరుగుల మీద జొన్నరొట్టె, ఉల్లికారం, పచ్చిపులుసు నడిచాయి. పొద్దున తిట్టినవాళ్ళే రెండోసారి రొట్టె అడిగి తిన్నారు. సాయంత్రం బస్సు కదిలేటప్పుడు అవ్వకు చెప్పే పోయారు. కానీ ఆ సాయంత్రం అందాల్సిన రైలు అందలేదు. రైలు తప్పడమంటే చిన్న నేరం కాదు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. ఇన్‌స్పెక్టర్ సాహెబ్ విచారణకు వస్తున్నాడు, సర్కారు బండిలో మజ్జిగ పోసిన మనిషి హాజరు కావాలి. సాహెబ్ వచ్చే పొద్దున మా నాయిన ఎద్దులబండి కట్టి, అవ్వను తెలకపల్లిలో మా అమ్మ పుట్టింటికి చేర్చాలని తయారయ్యాడు.

“జర మాటిను అమ్మా. రొండు దినాలు ఆడ ఉండు. ఎవరు పోశిన్రో తెల్వదంట నేను.”

అవ్వ మారు మాట్లాడకుండా పోయి, కాడి విప్పి, ఎద్దులను మళ్ళీ గాటికి కట్టేసింది. “దొంగతనం జేశిననా, పారిపోనీకి?” అని, మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని చావడికి బయల్దేరింది. నేను వెనకపడ్డాను.

సాహెబ్ కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద పొట్టా లేదు, అరుపులూ లేవు. సన్నగా, కళ్ళజోడుతో మా పంతులులాగే ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. పంతులు సెలవులకు తన ఊరు పోయారు. ఖాసిం మీదే విచారణ కాబట్టి అతన్ని నోరు తెరవొద్దన్నారు. ఊళ్ళో ఉర్దూ వచ్చిన పెద్దమనుషులకు ఆ పొద్దున ఒక్కసారిగా అది మరుపుకొచ్చింది. సాహెబ్ అడుగుతున్నాడు, అవ్వ చెబుతోంది, ఒకరి మాట ఒకరికి అందడం లేదు. ఆ గందరగోళం చూడలేక, ఆయన ఏమడిగాడో నేను అవ్వకు చెప్పేశాను. అందరూ నా వైపు తిరిగారు. సాహెబ్ వేలు చూపి దగ్గరికి రమ్మన్నాడు.

సర్కారు బండిలో మజ్జిగ ఎందుకు పోశావని ఆయన అడిగాడు. అవ్వ తన కట్టుబాటు చెప్పింది. నేను ఉర్దూలో చెప్పాను. అంతటితో ఊరుకుంటే ఆమె మా అవ్వ ఎందుకవుతుంది?

“బిడ్డా, సాబును అడుగు. ఆయన అమ్మ ఇంటికొచ్చినోళ్ళకు ఉత్త నీళ్ళిస్తుండెనా?”

మా నాయిన దూరం నుంచి వద్దు వద్దని తల ఊపుతున్నాడు. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది. కళ్ళు నేలకు దించి, ఒక్క ముక్క కూడా వదలకుండా అడిగేశాను. సాహెబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “లేదు,” అన్నాడు, “మా అమ్మ షర్బత్ ఇచ్చేది.” ఆ మాట నేను తెలుగులో చెప్పగానే అవ్వ, “మరి, నేననేది గదే గద” అంది. చావడి అంతా నవ్వింది. ఖాసిం మొహంలోకి నెత్తురొచ్చింది.

ఆ తర్వాత ఆయన నన్ను అడిగాడు, ఇంత ఉర్దూ ఎక్కడ నేర్చావని. ఊరి బడిలో అన్నాను. ఇప్పుడు ఏ బడికి పోతున్నావన్నాడు. ఏ బడికీ లేదన్నాను. ఎందుకని అడిగాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, చెప్పేశాను. బడి నాగర్‌కర్నూల్‌లో ఉంది, మీ బస్సు రోజూ అక్కడికే పోతుంది, మా ఊళ్ళో మాత్రం ఆగదు, ఆగితే పంపుతానని మా నాయిన మాట ఇచ్చాడు అన్నాను. “ఏమంటుండు, ఏమంటుండు?” అని అవ్వ నన్ను పొడుస్తూనే ఉంది. ఆ మాటలు ఆమె చెప్పమన్నవి కావు. అందాకా ఆమె గొంతుతో మాట్లాడినదాన్ని, అప్పుడు మాట్లాడింది నా గొంతుతో.

సాహెబ్ ఖాసింను పిలిచి, ఆ గడ్డ మీద రోజూ నీళ్ళు కాగుతాయా అని అడిగాడు. రోజూ కాగుతాయి హుజూర్, బిజినేపల్లి దాటితే మంచి బావి ఇదొక్కటే అన్నాడు ఖాసిం. సాహెబ్ లేచి గడ్డ దాకా నడిచి చూశాడు, బావిలోకి తొంగి చూశాడు. బండికి ఇక్కడ నీళ్ళు పోయించుకోవచ్చని, ఆగిన బండి ఎక్కకుండా జనాన్ని ఆపడం కుదరదు కాబట్టి స్టేజి కోసం పైకి రాస్తానని నాతో చెప్పించాడు. ఖాసింను మందలించి వదిలేశాడు. పోయేముందు అవ్వ వైపు తిరిగి, తనకు వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, “నీల్లు. సిర్ఫ్ నీల్లు” అన్నాడు, అంటే ఉత్త నీళ్ళే అని. అవ్వ తలూపి, ఆయన చేతికి సల్ల చెంబు ఇచ్చింది. ఖాళీ చేసే ఇచ్చాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. వానలు మొదలయ్యాయి, పత్తి గింజలు నాటారు, నాగర్‌కర్నూల్‌లో బళ్ళు తెరిచారని తెలిసింది. బండి నీళ్ళకు ఆగేది కానీ, స్టేజి హుకుం రాందే ఎవర్నీ ఎక్కించుకోవడానికి లేదని ఖాసిం బాధపడేవాడు. సర్కారు మాట నీళ్ళ మూట అని మా నాయిన సణిగేవాడు. నాకు మళ్ళీ అన్నం సహించలేదు. అప్పుడొకరోజు బస్సు మీద నుంచి ఒక గుంజ, దానికి కొట్టిన రేకు దించారు. గడ్డ మీద పాతారు. రేకు మీద మా ఊరి పేరు ఉర్దూలో రాసి ఉంది. ఊరంతా చుట్టూ మూగి, ఏం రాశారు, ఏం రాశారు అంటుంటే నేను గట్టిగా చదివాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు చదివినా ఎవరికీ తనివి తీరలేదు, నాకసలే తీరలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో బస్సు కోసం ఎవరూ అరగంట నిలబడరు. ఆటో ఉంది, మోటార్‌సైకిల్ ఉంది, నాకోసం పంపే కారూ ఉంది. గద్వాల నుంచి రైల్లో వచ్చినా, పుట్టిలో కృష్ణ దాటడం ఎలా ఉంటుందో మా మనవళ్ళకు తెలియదు. ఇవన్నీ మంచివే. అప్పటి కష్టం ఇప్పుడు రావాలని నేను కోరుకోను, ఆ దుమ్మూ, ఆ బొగ్గు పొగా, వాకిలి బయటి దోసిళ్ళూ పోయినందుకు సంతోషం. కానీ ఒక బండి ఆగితే ఊరు గెలిచిందని అందరూ ఒకేసారి అనుకున్న ఆ రోజు లాంటిది మాత్రం మళ్ళీ నేను చూడలేదు. ఆ గెలుపు మీదే నేను చదివాను, పంతులమ్మనయ్యాను, ఇంతకాలం తలెత్తుకుని బతికాను.

గుంజ పాతిన మర్నాడే నేను బయల్దేరాను. అవ్వ నాకు తల దువ్వి, కళ్ళకు కాటుక పెట్టి, రొట్టె మూట చేతికిచ్చింది. మొదటిరోజు ఒంటరిగా పంపనని మా నాయిన తలపాగా చుట్టుకుని వెంట వచ్చాడు. బస్సు వచ్చి మా ముందు నిలబడింది. ఎక్కాం. దారి పొడుగునా ఆయన ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుని, నా వైపు తిరగకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కోపం వచ్చిందేమో, రేపటి నుంచి వద్దంటాడేమో అని నాకు లోపల బిక్కుబిక్కుమంది. నాగర్‌కర్నూల్‌లో దిగుతుంటే ఖాసిం నన్ను చూసి నవ్వి, “రేపు గూడ వస్తవా బేటీ?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా నాయిన అన్నాడు.

“రేపేంది ఖాసిం భాయ్, దినాం వస్తది.”